రాహేలుకు ఐర్లండు గొంతు

1949, మానుకోట

ఫిబ్రవరి 6, ఆదివారం

మిలిటరీ వాళ్ళు వచ్చి నా బియ్యం కుండలో మోచేతి దాకా చెయ్యి పెట్టారు. కమ్యూనిస్టులు బియ్యంలో దాక్కుంటారని వీళ్ళకు ఎవరు చెప్పారో. పెట్టెలో బట్టలు తీసి నేల మీద వేశారు. మా ఆయన ఫోటో వెనక చూశారు. ఆయన బతికున్నప్పుడే ఏదీ దాచుకోలేని మనిషి, చచ్చిపోయి ఏం దాస్తాడు?

నాకు ఒళ్ళు మండి ఇంగ్లీషులో అరిచాను. కాళ్ళు తుడుచుకుని లోపలికి రావాలని మీ అమ్మలు నేర్పలేదా అని. సిపాయిలకు అర్థం కాలేదు. వాకిట్లో నిలబడిన కెప్టెన్ మాత్రం టోపీ తీసేశాడు. పాతికేళ్ళుంటాయి, మీసం కూడా సరిగ్గా కుదరలేదు.

"ఈ ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు.

బోర్డింగులో, ఐర్లండు సిస్టరమ్మ దగ్గర అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఆయనా ఎక్కడో ఉత్తరాది కొండల మీద ఐర్లండు పాదిరీల బడిలో పెరిగాడట. "మీరు అరుస్తుంటే మా హెడ్మాస్టరు లేచి వచ్చినట్టుంది. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడాలనిపిస్తోంది" అన్నాడు. కుండలో చెయ్యి తీయించాడు. బట్టలు మడత పెట్టించబోయాడు కూడా. నేనే వద్దన్నాను.

నలభై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పాను. తల ముగ్గుబుట్టయింది. దానికి రాని మర్యాద చచ్చిపోయిన సిస్టరమ్మ గొంతుకు వచ్చింది. నన్ను ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టిన గొంతు అది.

ఇవన్నీ రాయకూడదని తెలుసు. కానీ ఎవరితో తిట్టుకోను? సోదాకు వచ్చేవాళ్ళలో తెలుగు చదవగలిగిన వాడు ఒక్కడూ లేడు. అదొక్కటే ఈ కొత్త సర్కారు నాకు చేసిన మేలు.

ఫిబ్రవరి 7

బియ్యం ఆరబోశాను. ఇంకా బూటు వాసనే.

ఫిబ్రవరి 9

కట్టెల మోపులు అమ్మే కమ్లీ పొద్దున్నే వచ్చింది. వెనక ఇంకో లంబాడీ పిల్ల, తల మీద మోపు, చేతులకు గాజులు. మోపు దించి ముసుగు తీస్తే రాహేలు.

నా కొడుకు సంజీవ కూతురు. నాకు మిగిలిన ఒకే ఒక మనిషి. దళంలోకి పోయి రెండేళ్ళు దాటింది. భూపాలపల్లి అడవుల్లో గాయాలకు కట్లు కడుతూ తిరుగుతోందని విన్నాను. ఇప్పుడు దానికే కట్టు కట్టాలి. చలిజ్వరం. బొమికలు, కళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. పాదాలు చూస్తే ఎండిన చెరువు అడుగులా పగిలి ఉన్నాయి.

"బతికే ఉన్నవా అవ్వా?" అంది.

"నిన్ను తిట్టేదాక సావద్దని ఆగిన" అన్నాను.

కమ్లీ చెప్పిన సంగతి: దళం చెదిరిపోయింది. ఈ పిల్లను బెజవాడ దాటించి, అక్కణ్నుంచి మద్రాసుకు, వైద్యానికి పంపమని పై నుంచి మాట. మిలిటరీ దగ్గర దీని పేరు ఉంది గానీ మొహం తెలియదు. మొదట జనగామ దళంలో తిరిగింది కనుక జనగామ రాహేలు అని వెతుకుతున్నారు.

"మరి రైలెక్కించరాదు?" అన్నాను.

"టేషన్ల ఒక్కొక్కల్ని మాట్లాడిపిస్తున్రు పంతులమ్మా" అంది కమ్లీ. "గేటు కాడ మన దిక్కోల్లనే కూసోబెట్టిన్రు, చెవులొగ్గి ఇంటానికి. నోరిప్పితె సాలు, ఏ ఊరో చెప్తున్రు. మొన్న ఇద్దరు బెజవాడ మాట నేర్చుకోని పోయిన్రు. వచ్చారండీ, పోయారండీ అనుకుంట. దొరికిన్రు."

దొరకరూ మరి. ఆ 'అండీ' మన నోట్లో అత్తగారి చీరలా వేలాడుతుంది. చూసిన ప్రతివాడికీ మనది కాదని తెలిసిపోతుంది.

ఫిబ్రవరి 11

నిద్ర పట్టక ఆలోచించాను. తెలుగులో నోరిప్పితే ఊరు తెలుస్తుంది. ఉర్దూలోనూ తెలుస్తుంది. ఇంగ్లీషులో తెలియదు. చెవులొగ్గి కూర్చున్నవాళ్ళకు ఇంగ్లీషు రాదు. వచ్చిన వాడు ఒక్కడే, ఆ కెప్టెన్. వాడికి ఏ గొంతు వింటే చేతులు వెనక్కి పోతాయో నాకు తెలుసు.

రాహేలు మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు మాటలు వచ్చు, ఎండుగడ్డిలా. వాటికి సిస్టరమ్మ గొంతు తొడగాలి. అప్పుడిది రాహేలు కాదు, మద్రాసు అనాథాశ్రమంలో ఐర్లండు సిస్టర్ల చేతుల్లో పెరిగిన నర్సు. తెలుగు ముక్క రాదు. నన్ను చూసిపోవడానికి వచ్చింది.

చెప్పాను. తోక తొక్కిన పాములా లేచింది.

"గా తెల్లదాని మాట నాకెందుకు? తుపాకి వట్టిన చేతితోని 'గుడ్ మార్నింగ్' అనాల్నా?"

"తుపాకి యాడుందే ఇప్పుడు?"

"పాతిపెట్టిన."

"మంచిగ చేసినవ్. నోరు సుత పాతిపెట్టు. కొత్తది ఇస్త."

మొహం గోడవైపు తిప్పుకుని పడుకుంది. జావ తాగలేదు. తాగకపోతే పోనీ. నేను తాగేశాను.

ఫిబ్రవరి 12

మధ్యాహ్నం తనే వచ్చి కూర్చుంది. "షురూ చెయ్" అంది. జ్వరం తగ్గినందుకో, ఆకలి పెరిగినందుకో తెలియదు.

ఫిబ్రవరి 14

ముందు 'ర'. లండను వాళ్ళు 'ర'ను మింగేస్తారు, ఐర్లండు వాళ్ళు నములుతారు అని చెప్పాను. నమలడం దీనికి వచ్చు. 'థాంక్స్'లో మొదటి అక్షరం మన 'త'కు దగ్గర, నాలుకను పళ్ళకు ఆనించి వదులు అంటే, "గిది మనదే గద! మరి ఇన్నొద్దులు ఎందుకు తిప్పలు వడ్డం?" అంది. మొదటిసారి నవ్వింది.

కష్టమంతా రాగం దగ్గరే. మనం వాక్యాన్ని నేల మీద పెడతాం, బిందె దించినట్టు. సిస్టరమ్మ దించదు. చివర్లో ఎత్తి గాలిలో వదిలేస్తుంది. ఎంత చెప్పినా రాలేదు. చివరికి అదే అడిగింది: "గౌండ్లాయన తాడి మీదికి మోకు ఇసిరినట్టా?"

అచ్చం అదే. క్రైస్తవ గృహంలో కల్లు ఉపమానం. సిస్టరమ్మ సమాధిలో అటు నుంచి ఇటు దొర్లి ఉంటుంది.

మన తల ఊపుడు ఒకటి. ఔనన్నా, కాదన్నా, చూద్దామన్నా ఒకటే ఊపు. ఊపినప్పుడల్లా తెడ్డు కాడతో వేళ్ళ మీద ఒకటి తగిలించి "ఫర్ షేమ్!" అన్నాను. సిస్టరమ్మ మాట అది. సిగ్గు లేదూ అని. ఆమె స్కేలు దెబ్బ కంటే అదే ఎక్కువ కాలింది మాకు.

ఫిబ్రవరి 15

నా కోసమే రాసుకుంటున్నాను: నేను సిస్టరమ్మలా కొట్టడం లేదు. ఆమె స్కేలుతో కొట్టేది.

ఫిబ్రవరి 17

ఇవాళ పాఠం మధ్యలో అడిగింది, ఆ సిస్టరమ్మ ఎవరు, ఆ దేశం ఎక్కడ అని. చెప్పాను. వాళ్ళ దేశాన్నీ ఇంగ్లీషు వాడే ఏలాడు. భూమంతా దొరల చేతుల్లో ఉండేది. శిస్తు కట్టలేదని సిస్టరమ్మ తాత ఇంటి కప్పు పీకించాడు వాళ్ళ దొర. వానలో, పసిపిల్లలతో సహా బయట నిలబెట్టి. ఆ కథ చెప్పేటప్పుడల్లా ఆమె ముక్కు ఎర్రబడేది.

రాహేలు మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. జ్వరం వదిలి రెండు రోజులైనా కళ్ళు జ్వరంలా మెరిశాయి.

"మరి ఏం చేసిన్రు?"

"మీలెక్కనే. చెట్ల చాటున కూసోని కాల్చిన్రు."

"గెలిచిన్రా?"

"జరంత. మిగిలినదానికి ఇంకా తన్నుకుంటున్రు."

మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. తర్వాత, "గసొంటామె మిమ్ముల్నెందుకు కొట్టింది అవ్వా? మన అసొంటామెనే గద?"

"ఒకకాడ తిన్న దెబ్బ ఇంకొకకాడ తీర్చుకుంటరు బిడ్డా. దొర మీదికి చెయ్యి లేవది. పంతుల్ల చేతికిందికి పిల్లలు దొర్కుతరు."

చెప్పాక నా చేతిలో తెడ్డు చూసుకున్నాను. వంటకు కావాలి కనుక పట్టుకున్నాను.

అయినా ఇవాళ్టి నుంచి దాని ఇంగ్లీషు మారింది. ఇష్టపడి నేర్చుకుంటోంది. ఆ దేశం వాళ్ళు తుపాకులు పట్టారంటే గానీ ఈ పిల్లకు వాళ్ళ 'ర' నోటికి ఎక్కలేదు.

ఫిబ్రవరి 20, ఆదివారం

చర్చికి వచ్చిన పాత బట్టల పెట్టెలోంచి తెల్ల చీర, తెల్ల బూట్లు తెచ్చాను. బూట్లు ఒక వేలు పెద్దవి. గుడ్డ కుక్కాం. తొడుక్కుని నడిస్తే దాని నడక బురదలో దిగిన కొంగ నడక. నేలను తాకకుండా నడవడం దానికి చేతకాదు. మాట నేర్పినట్టే నడకా నేర్పాలి. వాకిట్లో అటూ ఇటూ తిప్పాను. "మడిమ పెట్టు! మడిమ!" అని నేను, "నీ మడిమకు దండం" అని అది.

ఫిబ్రవరి 22

బూట్ల మాట చెప్పుల మీదికి పోయింది. అక్కడికి పోవద్దని నేను చూస్తూనే ఉన్నాను.

సంజీవ సంగతి ఇక్కడ రాయాలని లేదు. రాస్తాను. మా ఊరు నర్సింహులపేట దిక్కు. వెంకట్రాం దొర గడీ ముందు నుంచి మా వాడ వాళ్ళెవరూ చెప్పులతో పోకూడదు. విడిచి, చేతిలో పట్టుకుని, వంగి పోవాలి. నా కొడుకు జనగామలో మాస్టరు ఉద్యోగం వచ్చిన రోజు కొత్త చెప్పులతో పోయాడు. దొర మనుషులు వాడి చెప్పులతోనే వాణ్ణి కొట్టారు. ఆ దెబ్బల నుంచి వాడు లేవలేదు. కోడలు అంతకు ముందే పోయింది. నేను పిల్లను తీసుకుని మానుకోట వచ్చేశాను. దళాలు ఊళ్ళోకి వచ్చాక దొర పట్నం పారిపోయాడు. మిలిటరీ వచ్చాక వాళ్ళ జీపులోనే తిరిగొచ్చాడు, నెత్తిన కాంగ్రెస్ వాళ్ళ తెల్ల టోపీ పెట్టుకుని. టోపీ మారింది. టోపీ కింద తల మారిందని ఎవరూ చెప్పలేదు.

"దళంల చేరిన్నాడు ఒట్టు పెట్టుకున్న" అంది రాహేలు. "ఏ గడీ ముందటా చెప్పులు విడువ అని. మనోళ్ళంత ఎట్ల విడిచేటోల్లో యాదికొస్తే ఇప్పటికీ మంటనే."

"నేనేనాడు విడువలే" అన్నాను. "నేను పంతులమ్మను. వెనక దారి నుంచి పోయేదాన్ని. బడికి అదే దగ్గర."

రాహేలు నన్ను చూసింది. దాని తండ్రి చూపు అది.

"విడిచేదానివి అవ్వా. ఎప్పుడన్న ముందట నుంచి పోవాల్సొస్తే మూలమీదనే విడిచి గొడుగుల వెట్టుకునేదానివి. నేను నీ కొంగు వట్టుకోని ఉండేదాన్ని. గొడుగు మడిచి, చెప్పులు లోపల ఏసి, చంకల వెట్టుకునేదానివి. ఎవ్వలకు కనవడద్దని."

తెడ్డు విసిరాను. దానికి తగల్లేదు. తగలాలని విసరలేదు.

ఫిబ్రవరి 23

పిల్లలకు అన్నీ గుర్తుండవు. కల్పించుకుంటారు.

ఫిబ్రవరి 25

దాని గొంతు వింటే ఇవాళ భయం వేసింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను, అది పెరట్లో తనకు తానే మాట్లాడుకుంటోంది. వాతావరణం గురించి, రైలు ఆలస్యం గురించి. నేను చప్పున లేచి పైట సర్దుకున్నాను. సిస్టరమ్మ వచ్చిందనుకుని. ఈ వయసులో.

ఫిబ్రవరి 26

మాట వచ్చింది. చెవి ఇంకా రాలేదు. తెలుగు రాని నర్సు తెలుగు వినగానే ఉలిక్కిపడకూడదు. వెనక నుంచి పోయి "తేలు!" అని అరిచాను. ఎగిరి గంతేసింది. "అన్నం మాడుతాంది!" అంటే తల తిప్పింది. "నీ అయ్య వచ్చిండే" అన్నాను. అలా అనకూడదు. అన్నాను. తిరగలేదు. కానీ భుజాలు వణికాయి.

అసలు పరీక్ష తిట్టు. కుర్చీ వేసుకుని కూర్చుని, దొర గొంతు పెట్టి దొర తిట్టే తిట్లన్నీ తిట్టాను. నాకు అన్నీ వచ్చు. వినీ వినీ వచ్చాయి. తల్లిని, వాడను, పుట్టుకను. తెలుగు రాని పిల్ల చిరునవ్వుతో నిలబడాలి. రాహేలు పళ్ళు బిగించింది, పిడికిలి బిగించింది, మూడో తిట్టుకే "నీయవ్వ!" అని నా మీదికే వచ్చింది.

"నీయవ్వను నేనేనే పోరీ!" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ తప్పింది. సాయంత్రం దాకా తప్పుతూనే ఉంది.

"గక్కడ గిట్లనే అయితే నిన్ను గోడకు నిలవెట్టి కాలుస్తరు. ఎర్కేనా? నీ కోపమే నిన్ను పట్టిస్తది. చూస్కో."

"నీకు లేదా అవ్వా కోపం?"

"నాకున్నది. చదువుకున్నదాన్ని, ఎక్కడ దాచుకోవాల్నో తెలుసు."

మార్చి 1

బజారులో కెప్టెన్ కనబడితే చెప్పాను, మద్రాసు నుంచి మా సిస్టర్ల దగ్గర పెరిగిన నర్సు వచ్చింది, శనివారం బండికి తిరిగి పోతుందని. వాడు సంబరపడ్డాడు. "స్టేషనుకు మీరూ రండి. నేనే ఎక్కిస్తాను. ఆ గొంతు విని ఏళ్ళయింది" అన్నాడు.

వాడిది మంచి మనసే. నాలుగు నెలల క్రితం బయ్యారం దిక్కు ఒక ఊళ్ళో మగవాళ్ళందరినీ చింతచెట్ల కింద నిలబెట్టినవాడూ వాడే. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం నాకు కోపం తెప్పిస్తుంది. పూర్తిగా దుర్మార్గుడైతే నాకెంత సుఖం!

మార్చి 3

ఇవాళ తిట్లకు చలించలేదు. చిరునవ్వు. 'ఐ బెగ్ యువర్ పార్డన్' అని రాగం పైకెత్తింది. దానికి దిష్టి తీయాలనిపించింది. సిస్టరమ్మ దిష్టిని నమ్మేది కాదు. తీశాను.

మార్చి 5, శనివారం

పోయింది. ముందు అది రాస్తాను. బండెక్కింది. బండి కదిలింది.

ఇప్పుడు మిగతాది.

గేటు దగ్గర వరస. మన దిక్కు ఊళ్ళవాళ్ళు మూటలు పట్టుకుని, ఒక్కొక్కరూ నోరు తెరిచి పేరు చెబుతున్నారు. బల్ల మీద కూర్చున్న ఇద్దరు చెవులు రిక్కించి వింటున్నారు. మమ్మల్ని చూసి కెప్టెన్ లేచి ఎదురొచ్చాడు. రాహేలు మడిమ పెట్టి నడిచింది. తల ఊపలేదు. కెప్టెన్ చెయ్యి అందుకుని, ఈ ఊళ్ళో ఎండ నరకానికి అభ్యాసంలా ఉందని చెప్పింది. మోకు చెట్టెక్కింది. కెప్టెన్ పగలబడి నవ్వాడు. మా బడిలో బ్రదరు ఒకాయన సరిగ్గా ఇదే అనేవాడు అన్నాడు. బల్ల మీది ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. నేను గర్వంతో నిలబడ్డాను, గొడుగు చంకలో పెట్టుకుని. అంతా అయిపోయినట్టే. ప్లాట్‌ఫాం కనబడుతోంది.

అప్పుడు జీపు వచ్చింది.

వెంకట్రాం దొర దిగాడు. తెల్ల టోపీ, చేతికర్ర. మనుషుల్ని గుర్తుపట్టడానికి పిలిపించారట. అతను అక్కడికి వస్తాడని నాకు తెలియదు. కెప్టెన్ కుర్చీ వేయించాడు. దొర కూర్చుంటుంటే వరసలో ఒక అల వచ్చినట్టు అందరూ వంగారు. చెప్పులు ఉన్నవాళ్ళంతా విడిచారు. లేనివాళ్ళకు ఆ బాధ లేదు.

నేను రాహేలునే చూస్తున్నాను. అది పిడికిలి బిగిస్తుందేమో, కళ్ళు ఎర్రబడతాయేమో అని. తండ్రిని చంపించిన మనిషి నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. అది రైలు పట్టాల వైపు చూస్తూ తీరిగ్గా చేతిగుడ్డతో విసురుకుంటోంది. భేష్ అనుకున్నాను. నా పెంపకం అనుకున్నాను.

దొర నా వైపు తిరిగాడు. మొహం చూడలేదు. అతనికి మా మొహాలు ఎప్పుడూ తెలియవు. కాళ్ళు చూశాడు. ఎందుకు చూస్తున్నాడా అని నేనూ కిందికి చూశాను.

వట్టికాళ్ళు. నా చెప్పులు గొడుగులో ఉన్నాయి. గొడుగు నా చంకలో ఉంది.

ఎప్పుడు విడిచానో తెలియదు. ఎప్పుడు వంగానో తెలియదు. నడుం ఇంకా వంగే ఉంది.

"ఏ ఊరే మనది?" అన్నాడు దొర. తర్వాత మెల్లగా, వెతుక్కుంటున్నట్టు, "గొడుగుల చెప్పులు... గిట్ల గొడుగుల వెట్టుకునేది ఎక్కన్నో చూసిన. మా దిక్కే..."

కెప్టెన్ నన్ను వింతగా చూస్తున్నాడు. తన హెడ్మాస్టరు గొంతున్న ముసలమ్మ వట్టికాళ్ళతో వంగి ఎందుకు నిలబడిందో అతనికి అర్థం కావడం లేదు. ఏదో ఒకటి చెప్పాలి. నలభై ఏళ్ళ ఇంగ్లీషు, అరవై ఏళ్ళ తెలుగు. నోట్లోంచి వచ్చింది ఒకటే మాట.

"దొరా..."

ఇంకో మాటకు ఊరు వచ్చేది. ఊరు వస్తే సంజీవ వస్తాడు. సంజీవ వస్తే రాహేలు వస్తుంది.

"ఫర్ షేమ్, మార్తా!"

స్టేషనంతా ఆగిపోయింది. నా మనవరాలు నా మీదికి వస్తోంది. తెల్ల చీర, తెల్ల బూట్లు, మడిమల చప్పుడు. ఇంగ్లీషులో అంది: మా సిస్టర్లు ఇన్నేళ్ళు చదువు చెప్పి, నీకొక పరిశుద్ధురాలి పేరు పెట్టి, కాళ్ళకు తొడుగు ఇస్తే, కుర్చీలో కూర్చున్న ప్రతి మగవాడికీ చెప్పులు విడుస్తావా? నువ్వు మనిషివా, గొడ్డువా? మిమ్మల్ని బాగుచేయడం దేవుడి వల్ల కూడా కాదు. నా చంకలోంచి గొడుగు లాక్కుని తలకిందులు చేసింది. చెప్పులు టపటపా రాళ్ళ మీద పడ్డాయి.

"తొడుక్కో. ఇప్పుడే."

కెప్టెన్ చేతులు వెనక్కి పోయాయి. నేను చూశాను. తనకు తెలియకుండానే వెనక్కి పెట్టుకుని బిగుసుకుని నిలబడ్డాడు, బడిపిల్లాడిలా. దొర ఏదో అడగబోతే హిందుస్తానీలో అన్నాడు, వదిలేయండి, ఇది మిషన్ వాళ్ళ ఇంటి గొడవ అని. దొరకు మాటలు అర్థం కాలేదు గానీ గొంతు అర్థమైంది. ఆ గొంతుకు ఎదురు చెప్పకూడదని దొరలకూ ఎవరో నేర్పారు. కర్ర నేలకు కొట్టి, తర్వాతి మనిషి కాళ్ళు చూడడం మొదలుపెట్టాడు.

వంగి చెప్పులు తొడుక్కున్నాను. వెంకట్రాం దొర ముందు, ఈ జన్మలో మొదటిసారి. అదీ ఇంకొకరి ఆజ్ఞ మీద.

కెప్టెనే దాని పెట్టె మోసి బండెక్కించాడు. నేను వెనక నడిచాను, నౌకరులా. కిటికీలోంచి అది నా వైపు చూడలేదు. చూడకూడదు. నేనే నేర్పాను. తెలుగు రాని పిల్ల, తిట్టిన పనిమనిషిని ఎందుకు చూస్తుంది? బండి కదిలాక కూడా చూడలేదు. అంత బాగా నేర్చుకుంది, పాడుపిల్ల.

తిరిగి వస్తుంటే కెప్టెన్ నా పక్కన నడిచాడు. "బాధపడకండి" అన్నాడు. "వాళ్ళంతా అంతే. మనల్ని పెంచిందీ వాళ్ళే, కొట్టిందీ వాళ్ళే."

నేను వాడి ఓదార్పును కూడా భరించాను. ఇవాళ్టికి ఇంకేం మిగలలేదు.

మార్చి 6, ఆదివారం

చర్చికి పోలేదు. ఆ తిట్టు నేను నేర్పలేదు అని రాయడానికి కలం తీశాను. నేర్పింది గుడ్ మార్నింగు, వాతావరణం, బండి ఆలస్యం. అంతే కదా.

రోజూ పొయ్యి దగ్గర నుంచి నేర్పింది ఆ తిట్టే. తెడ్డుతో సహా.

మార్చి 7

దాని కోపం పట్టిస్తుందన్నాను. పట్టించబోయింది నా నడుం. కాపాడింది దాని కోపం.

నాకు దాని మీద ఎంత కోపం వస్తోందంటే, ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టి ముద్దు పెట్టుకునేదాన్ని. అందరి ముందూ పేరు పెట్టి పిలుస్తుందా? గొడ్డువా అంటుందా? నన్ను? అరవై ఏళ్ళదాన్ని? ఇంకొంచెం గట్టిగా అనాల్సింది. 'షేమ్' దగ్గర రాగం తగ్గింది.

మార్చి 8

ఆ చెప్పులు మూలన పడేశాను. ఇంట్లోనే ఉన్నాను.

మార్చి 16

కమ్లీ వచ్చింది. మోపు దించి, వాకిట్లో ఎవరూ లేరని చూసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"బయ్యారం మీదుంచి మాటొచ్చింది పంతులమ్మా. పోరి చేరిందట. దవఖానల ఉన్నదట. జెరం తగ్గిందట."

నేను కట్టెలు పేరుస్తూ ఉండిపోయాను. ఒకటే కట్టెను రెండుసార్లు పేర్చాను.

"ఇంకేమన్నదే?"

కమ్లీ నోరు మూసుకుని నవ్వింది. "చెప్తే నన్ను తిడ్తవ్."

"చెప్పకున్నా తిడ్త."

"అవ్వ చెప్పులు తొడుక్కున్నదా అని అడుగుమన్నదట."

ఎంత పొగరు! మద్రాసు మంచం మీద పడుకుని, జ్వరం పూర్తిగా దిగకముందే, ప్రాణాలకు తెగించి మాట మోసేవాళ్ళ చేత మోయించడానికి దొరికిన మాట అదా? కాళ్ళకు దండమనో, అవ్వా బాగున్నావా అనో అనడానికి నోరు రాలేదు. తిట్టాను. కమ్లీని, దాన్ని, సిస్టరమ్మను, సిస్టరమ్మ తాత ఇల్లు పీకించిన దొరను కూడా. కమ్లీ అన్నీ వింది. "గివన్నీ చెప్పుమంటవా?" అంది.

"ముసల్దానికి చెవుడొచ్చింది, ఏం ఇనలేదని చెప్పు."

కమ్లీ పోయాక ఉప్పు లేదని గుర్తొచ్చింది. మూలనున్న చెప్పులు దులిపి తొడుక్కున్నాను. గొడుగు విప్పి పట్టుకున్నాను, ఎండకు. గుర్తుపట్టే పని మీద దొర ఊళ్ళో దిగిన బంగళా ముందు నుంచి పోయాను. వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నా కాళ్ళ వైపే చూశాడు. మడిమ పెట్టి నడిచాను, చప్పుడయ్యేలా.

బజారుకు అది చుట్టుదారి.